పెళ్లి ముందు రాత్రి విడిది విందు: ఊరి రుచి తెలిసేలా ఏర్పాటు చేసుకునే పద్ధతి

మగపెళ్లివారు ముందు రోజు సాయంత్రం విడిదిలో దిగినప్పటి నుంచి ముహూర్తం దాకా రెండు కుటుంబాలూ తీరికగా కలిసి కూర్చునే సందర్భం ఒక్కటే ఉంటుంది. అది ఆ రాత్రి భోజనం. మర్నాడు మండపంలో వందల మంది ఉంటారు, ఎవరి హడావిడిలో వారుంటారు, కన్యాదాత దంపతులకు పీటల మీద నుంచి లేవడానికే వీలు చిక్కదు. అందుకే ముందు రాత్రి విందును పెళ్లి భోజనానికి చిన్న నకలుగా చూడకూడదు. దాన్ని వేరే కార్యక్రమంగా భావించి, వేరే పద్ధతిలో, వేరే వంటకాలతో సిద్ధం చేయాలి. పెళ్లి భోజనం పది ఊళ్ల బంధువులకూ నచ్చేలా ఉండాలి కాబట్టి అందులో అన్ని చోట్లా దొరికే పదార్థాలే ఎక్కువగా ఉంటాయి. ముందు రాత్రి ఆకులో మాత్రం ఆడపెళ్లివారి ఊరు కనిపించాలి. వియ్యాలవారు ఆ ఇంటి నీళ్లను, ఆ ఇంటి పప్పును, ఆ ఊరి తీపిని మొదటిసారి నిదానంగా రుచి చూసేది అప్పుడే.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది ముహూర్తానికీ ఈ భోజనానికీ మధ్య ఉన్న వ్యవధి. ముహూర్తం మర్నాడు పగలు పది పదకొండు గంటలకు ఉంటే రాత్రి విందు కాస్త ఆలస్యమైనా నష్టం లేదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో ఉంటే సాయంత్రం ఏడున్నరకల్లా మొదటి బంతి లేచిపోవాలి, తొమ్మిదిన్నరకు వంటశాల మూతపడాలి. లేకపోతే పెళ్లికూతురి అమ్మానాన్నలు ఆ రాత్రి కన్ను మూయకుండానే పీటల మీద కూర్చుంటారు. చాలా ఇళ్లలో కన్యాదానం చేసే దంపతులు, వధూవరులు అన్నం తినకుండా ఉపవాసం ఉంటారు. ఏ పూట నుంచి ఉండాలి, ఏం తినవచ్చు అన్నది ఇంటింటికీ మారుతుంది గనుక రెండు వైపులా పెద్దవాళ్లను వారం ముందే అడిగి రాసుకోవాలి. వారికి పాలు, పండ్లు, వారి ఆచారం ఒప్పుకొనే ఫలహారం విడిగా సిద్ధం చేసి, ఆ బాధ్యతను ఒకే మనిషికి అప్పగించాలి. అందరికీ వడ్డించే తొందరలో ఉపవాసం ఉన్నవారిని మరిచిపోవడం చాలా సులభం, వారు తమంతట తాము అడగరు.

ఆ తర్వాత ఎంతమంది అన్నది చూడాలి. ఈ విందుకు ఊరందరినీ పిలవవలసిన పని లేదు. విడిదిలో దిగేవారు, ఆడపెళ్లివారి దగ్గరి బంధువులు, పురోహితుడు, పనిలో సాయపడేవారు ఉంటే చాలు. మామూలుగా ఇది 80 నుంచి 150 మంది మధ్య తేలుతుంది. మగపెళ్లివారి నుంచి సంఖ్య తెలుసుకునేటప్పుడు మొత్తం ఎంతమంది అని మాత్రమే అడగడం సరిపోదు. బస్సులో ఎందరు, కార్లలో ఎందరు, పిల్లలు, నడవలేని పెద్దలు, చక్కెర జబ్బు ఉన్నవారు ఎందరు అని విడివిడిగా అడిగితే వియ్యంకుడు గారు కూడా ఆలోచించి చెబుతారు. సంఖ్య అందాక పదో వంతు కలుపుకోవాలి. అంతకు మించి కలపడం అన్నం పారబోయడానికే దారి తీస్తుంది.

ఇక వంటకాల ఎంపిక. దీని మీద వెచ్చించే సమయం ఎంతైనా వృథా కాదు. ఆకులో తీపి, పచ్చడి, పొడి, అప్పడం అన్నీ కలిపి పన్నెండు పదార్థాలకు మించకూడదని నా గట్టి అభిప్రాయం. ప్రయాణం చేసి అలసివచ్చిన మనిషి రాత్రిపూట ముప్ఫై పదార్థాలు తినలేడు, అన్ని రకాలూ వండే వంటమేస్త్రి ఏ ఒక్కదాన్నీ మనసుపెట్టి చేయలేడు. ఆ పన్నెండులో నాలుగైదు ఆ ప్రాంతానికే చెందినవై ఉంటే విందుకు తనదైన రూపు వస్తుంది. మిగిలినవి పప్పు, చారు, పెరుగు వంటి ఎవరికైనా సరిపడేవి కావాలి. కొత్త రుచి నచ్చనివారు కూడా కడుపు నిండా తిని లేవాలి కదా.

కోనసీమలో పెళ్లి అయితే ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, పులిహోర, చివర పూతరేకు పెడితే వేరే చెప్పనక్కరలేదు. అయితే పనసపొట్టు కూర దగ్గర ఒక జాగ్రత్త ఉంది. పొట్టును ఉడికించి, నీరు పిండి, తాలింపులో వేసి, చింతపండు పులుసు పట్టించాక కూరను దించి కాసేపు ఆరనివ్వాలి. ఆ తర్వాతే నూరిన ఆవముద్ద కలపాలి. పొయ్యి మీద ఉండగానే కలిపితే ఆవ చేదెక్కి, గుండిగెడు కూర పాడవుతుంది. వంటవారికి ఇది తెలియక కాదు, వడ్డనకు తొందరపెట్టేవాళ్లు వెనక నిలబడితే చేయి ఆగదు. కాబట్టి ఈ కూరను బంతి వేయడానికి గంట ముందే దించేలా వేళ చెప్పి ఉంచాలి. పూతరేకులను ఆత్రేయపురంలో చేసేవారి దగ్గరే నేరుగా చెప్పి చేయించుకోవడం మంచిది. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (ఫలానా చోటి సరుకని తెలిపే జీఐ ట్యాగ్) వచ్చింది. బెల్లంవి సగం, పంచదారవి సగం చెప్పుకోవచ్చు. తడి గాలి తగిలితే రేకు మెత్తబడి చుట్టుకుపోతుంది గనుక డబ్బాల మూతలు వడ్డనకు ముందు తీయకూడదు, వేడి అన్నం పక్కన పెట్టకూడదు.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, మీగడతో ఉలవచారు, బందరు లడ్డు సహజంగా అమరుతాయి. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. శనగపిండితో చేసిన సన్నపూసను దంచి పాకంలో కలిపి చేసే ఆ లడ్డు నాలుక మీద కరిగే తీరు మామూలు బూందీ లడ్డుకు రాదు. ఉలవచారు పెట్టాలనుకుంటే ముందు రోజు నుంచే పని మొదలవుతుంది. ఉలవలు రాత్రంతా నానాలి, గంటల తరబడి ఉడకాలి, వార్చిన కట్టు చింతపండు పులుసుతో కలిసి మళ్లీ సన్నని సెగ మీద చిక్కబడాలి. సాయంత్రం నాలుగింటికి గుర్తుకొచ్చి చేయించే పదార్థం కాదది.

ఉత్తరాంధ్రలో మాడుగుల హల్వా ఉండనే ఉంది. గోధుమల నుంచి తీసిన పాలతో, నేతితో చేసే ఆ హల్వా ముందుగా తెప్పించుకున్నా చెడదు, అందువల్ల వంటశాల మీద భారం తగ్గుతుంది. రాయలసీమలో రాగి సంగటి, పల్లీల పచ్చడి, అలసంద వడలు, ఓలిగలు పెట్టవచ్చు. విడిదికి చేరగానే ఇచ్చే ఫలహారంగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీని మించినది లేదు. సంగటి ముద్దలు మాత్రం వేడిగా ఉన్నప్పుడే ఆకులో పడాలి. చల్లారిన ముద్దను మొదటిసారి తిన్నవారు దాని గొప్పదనాన్ని ఎన్నటికీ నమ్మరు. తెలంగాణలో సర్వపిండి, సకినాలు, పచ్చి పులుసు, జొన్న రొట్టె, బక్ష్యాలు ఉంటాయి. హైదరాబాదు పరిసరాలైతే బగారా అన్నం, ఖుబానీ మీఠా కూడా ఊరి రుచులే. జొన్న రొట్టెలు చేసే ఆడవాళ్లను ఇద్దరు ముగ్గురిని పిలిపించి, భోజనాల హాలు అంచున పొయ్యిలు పెట్టించి, అక్కడికక్కడ కాల్చి వేయిస్తే రొట్టె రుచి ఒక ఎత్తు, ఆ చప్పుడు, ఆ వాసన ఇంకో ఎత్తు. నూడిల్స్, పావ్‌భాజీ కౌంటర్లకు పెట్టే డబ్బు ఇలాంటి చోట పెట్టడం ఎంతో మేలు.

ఇరువైపుల ఊళ్లూ వేరువేరు అయినప్పుడు మగపెళ్లివారి ప్రాంతపు వంటకం ఒకటి ఆకులో చేర్చడం మర్యాద. గోదావరి జిల్లాల అబ్బాయి వరంగల్ అమ్మాయిని చేసుకుంటున్నప్పుడు, అబ్బాయి మేనత్తను అడిగి వారి ఇంటి ముక్కల పులుసు పద్ధతి తెలుసుకుని వండిస్తే, ఆ పులుసు ఎంత బాగా కుదిరిందన్నది తర్వాతి మాట, అడిగారన్నదే వారికి గుర్తుండిపోతుంది. ఆ రాత్రి మాంసాహారం వద్దనే ఇళ్లు చాలా ఉన్నాయి. అభ్యంతరం లేదని చెప్పే ఇళ్లూ ఉన్నాయి. వారం, మాసం, ఇంటి పద్ధతి చూసి రెండు వైపుల పెద్దలూ ఒప్పుకుంటేనే నాటుకోడి, చేపల పులుసు వంటివి పెట్టాలి. ఒక వైపువారు మొహమాటానికి తల ఊపినట్టు అనిపించినా శాకాహారమే వండించడం క్షేమం.

కాలాన్ని బట్టి కూడా ఆకు మారాలి. మాఘ, ఫాల్గుణాల్లో చిక్కుడుకాయ, కొత్త బెల్లం, కొత్త చింతపండు దొరుకుతాయి. వైశాఖ, జ్యేష్ఠాల్లో మామిడికాయ పప్పు, తాటి ముంజలు, బంగినపల్లి మామిడి ముక్కలు ఉండగా వేరే పండ్లు కొనడం దండగ. శ్రావణంలో వాన వస్తుందనుకునే అన్నీ ఏర్పాటు చేసుకోవాలి, ఆరుబయట బంతులు వేయకూడదు. ఒక్క బియ్యం విషయంలో మాత్రం ఏ కాలమైనా పాతవే వాడాలి. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది, పెద్ద గుండిగలో అది ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

వంటవారితో బేరం రెండు రకాలుగా ఉంటుంది. క్యాటరింగ్‌వారు ఆకు ఒక్కింటికి ఇంత అని మాట్లాడతారు. వంటమేస్త్రి అయితే కూలి మాట్లాడుకుని సరుకుల చిట్టా రాసిస్తాడు, సరుకులు మనమే తెచ్చుకోవాలి. పెళ్లి భోజనానికి మొదటి పద్ధతి తేలిక. ముందు రాత్రి చిన్న విందుకు రెండో పద్ధతే నేను మంచిదంటాను, ఎందుకంటే ఊరి రుచి చాలావరకు సరుకులోనే ఉంటుంది, ఆ సరుకు మనం ఎంచి తెచ్చినదైతేనే నమ్మకం. క్యాటరింగ్‌వారికే ఇచ్చేటట్లయితే వారికి ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని ఉందో లేదో చూసుకుని, మీరు ఎంచుకున్న ప్రాంతీయ వంటకాలను వారు ఇదివరకు వండారా అని అడిగి, ఒకటి రెండు రుచి చూశాకే అడ్వాన్సు ఇవ్వాలి.

నూరుమందికి స్థూలంగా 10 నుంచి 12 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు, ఒక్కో కూరకు 8 నుంచి 10 కిలోల కూరగాయలు, కిలో నుంచి కిలోన్నర నెయ్యి, 10 నుంచి 12 లీటర్ల పాలు తోడుపెట్టిన పెరుగు సరిపోతాయి. ఆకులో సంగటో రొట్టెలో ఉంటే బియ్యం రెండు కిలోలు తగ్గించుకోవచ్చు. ఎదురుకోలులో ఇచ్చే పానకానికి కిలో బెల్లానికి నాలుగైదు లీటర్ల నీళ్ల లెక్కన మూడు కిలోలకు పైగా బెల్లం కావాలి. మిరియాలు, ఏలకులు, శొంఠి పొడి కొట్టి కలిపి, గుడ్డలో వడపోయాలి. అనకాపల్లి బెల్లం దొరికే చోటైతే దానితోనే చేయించండి. ప్రయాణపు బడలికతో దిగినవారికి ఆ పానకం మొదటి మర్యాద, దాన్ని నీళ్లగా చేయడం తగదు.

పెళ్లివారి బస్సు చెప్పిన వేళకు రావడం అరుదు. అందువల్ల పదార్థాలను రెండు తరగతులుగా విడదీసుకోవాలి. పప్పు, పులుసు, చారు, పులిహోర వంటివి గంటసేపు ఆగినా రుచి చెడవు. బజ్జీలు, వడలు, రొట్టెలు, అప్పడాలు, వేపుళ్లు బస్సు ఊరి పొలిమేర దాటిందని ఫోను వచ్చాకే పొయ్యి ఎక్కాలి. ఆగే పదార్థాలను కూడా గోరువెచ్చగా వదిలేయకూడదు. 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా సన్నని సెగ మీదో వేడి నీళ్ల తొట్టిలోనో ఉంచాలి, పెరుగును వడ్డించే దాకా చల్లగా ఉంచాలి. వేసవిలో ఈ ఒక్క జాగ్రత్త తప్పితే మర్నాడు పెళ్లిలో సగం మంది కడుపు పట్టుకుని కూర్చుంటారు.

వడ్డన విషయంలో నాకు వేరే ఆలోచన లేదు, బంతి భోజనమే పెట్టాలి. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే చోట వియ్యపురాలు పక్కన వియ్యపురాలు కూర్చుని మాట్లాడుకోవడం జరగదు. కోస్తాలో అరటి ఆకులు, మన్యానికి దగ్గరి ఊళ్లలో అడ్డాకు విస్తళ్లు, తెలంగాణలో మోదుగాకు విస్తళ్లు ఆ ప్రాంతపు అందాన్ని ఖర్చు లేకుండా తెచ్చిపెడతాయి. ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, థర్మోకోల్ అలంకరణ వంటి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, కాబట్టి స్టీలు గ్లాసులే అద్దెకు తెచ్చుకోవాలి. అరటి ఆకు కొస తినేవారికి ఎడమవైపు వచ్చేలా వేయాలి. అద్దెకు తెచ్చిన కుర్రాళ్లు ఎంత చురుకైనవారైనా నెయ్యి, తీపి మాత్రం ఇంటివాళ్లే వడ్డించాలి. పెళ్లికూతురి బాబాయి నేతి గిన్నె పట్టుకుని, వచ్చిన ప్రతి ఒక్కరినీ వరసపెట్టి పిలుస్తూ ముందుకు సాగితే, మూడు వందల ఫోటోలు చేయలేని పరిచయం ఆ ఒక్క చుట్టులో జరుగుతుంది. కూర్చునే చోట కూడా మగపెళ్లివారిని ఒక వైపు, ఆడపెళ్లివారిని ఒక వైపు వేయకుండా, వయసుకు వయసు కలిసేలా కలిపి కూర్చోబెట్టండి. నేల మీద కూర్చోలేని పెద్దలకు బల్లలు అదే వరుసలో వేయాలి, వేరే గదిలో కాదు.

పాటల సంగతి పెద్దావిడలకు వదిలేయాలి. వియ్యాలవారి మీద సరదాగా పాడే పాటలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి, ఇప్పుడు వాటిని పాడగలిగినవారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు. నెల ముందే వారి దగ్గర కూర్చుని పాటలు రాసుకుని, ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు నేర్పిస్తే ఆ రాత్రి బంతి మధ్యలో పాడవచ్చు. వేళాకోళం పేర్లు పెట్టి పాడేటప్పుడు ఎవరి పేరు పెడుతున్నారో వారి స్వభావం తెలుసుకుని పెట్టడం అవసరం. సన్నాయి మేళం ఉంటే ఎదురుకోలు వేళకే పిలవాలి. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు, తెలంగాణలో డప్పు, కోలాటం వంటి స్థానిక బృందాలు దగ్గరలోనే దొరుకుతాయి, అరగంట ప్రదర్శన చాలు. వారికి ఒప్పుకున్న డబ్బుతో పాటు మొదటి బంతిలోనే భోజనం పెట్టించాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, అందుచేత మైకు కార్యక్రమాలన్నీ తొమ్మిదిన్నరకే ముగిసేలా చూసుకోవాలి.

తాంబూలాలు అయ్యాక ఒక అరగంట మండపం దగ్గర గడపడం ఈ రాత్రికి అసలైన ప్రయోజనం. పురోహితుడు, రెండు వైపుల నుంచి ఇద్దరేసి పెద్దలు, మేనమామలు, ఫోటోలు తీసేవారు ఉంటే సరిపోతుంది. కార్యక్రమం మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నోటితో అనుకుని, ఎవరు ఎక్కడ నిలబడాలో నిలబడి చూసుకోవాలి. పెళ్లికూతురిని బుట్టలో తెచ్చే మేనమామలు ఏ దారిన వస్తారు, అడ్డుతెర ఎవరు పడతారు, జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్త క్షణంలో కెమెరాలు ఎటువైపు ఉంటే ముందు వరుసలోని తాతయ్యలకు కనిపిస్తుంది అన్నవి అప్పుడే తేలాలి. మంగళసూత్రాలు, మెట్టెలు, బాసికాలు, మధుపర్కాలు, సన్నికల్లు, తలంబ్రాల బియ్యం ఎవరి దగ్గర ఉన్నాయో ఒక్కొక్కటీ పేరు పిలిచి అడిగి, కాగితం మీద ఎదురుగా ఆ మనిషి పేరు రాయాలి. రెండు ఇళ్ల ఆచారాల్లో తేడా ఉంటే అది ఈ అరగంటలో బయటపడుతుంది, పీటల మీద కూర్చున్నాక బయటపడితే మాట మాట పెరుగుతుంది.

చివరి బంతిలో వంటవారు, వడ్డన కుర్రాళ్లు, బస్సు డ్రైవర్లు తిన్నాక మిగిలిన పదార్థాలను వెంటనే చూడాలి. అన్నం, పులిహోర, కూరలు మిగిలితే ఆ రాత్రే వేడిగా ఉండగానే దగ్గరలోని అనాథాశ్రమానికో వృద్ధాశ్రమానికో చేరేలా మనిషిని, బండిని ముందే మాట్లాడి ఉంచుకోవాలి, వారు తీసుకుంటారో లేదో కూడా పగలే అడగాలి. ఆ తర్వాత వంటసామాన్లు లెక్కచూసుకుని, మర్నాటి ఉదయపు కాఫీకి పాలు, పొడి, పంచదార, ఇడ్లీ పిండి విడిగా తీయించి, సామాన్ల గది తాళంచెవిని తెల్లవారుజామున నాలుగింటికి లేవగలిగిన మనిషి చేతికే ఇచ్చి పడుకోవాలి.